తిట్టిన నోటితో జై కొట్టొచ్చా?

ప్రశ్న: నమస్కారం అండీ. మేం పదకొండు మందిమి. విశాఖలో ఇంజినీరింగ్ చదివిన రోజుల నుంచి మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు పిచ్చోళ్ళం. ఇప్పుడు ఎక్కువమందిమి హైదరాబాద్‌లో, ఇద్దరు డల్లాస్‌లో, ఒకడు దుబాయ్‌లో. మా వాట్సాప్ గ్రూపులో డిఫెండర్ హ్యారీ మగ్వైర్‌ని తిట్టినట్టు ఇంకెవర్నీ తిట్టలేదు. 'బీరువా' అని పేరు పెట్టాం, స్టిక్కర్లు చేశాం. 2025 ఏప్రిల్‌లో లియోన్ మీద, అక్టోబర్‌లో లివర్‌పూల్ మీద అతను తలతో గెలుపు గోల్ కొట్టాక గొడవ మొదలైంది. మావాడొకడు, అందరం 'బావా' అంటాం, "ఇన్నేళ్ళూ మీరన్నదంతా తప్పే, అందరూ సారీ చెప్పండి" అంటున్నాడు. ఇంకొకడేమో "రెండు హెడర్లకే పాపాలన్నీ పోతాయా? అసలు మన తిట్లకే దారిలోకొచ్చాడు" అంటాడు. ఎవరిది తప్పని తేలితే వాళ్ళు బిర్యానీ పెట్టాలని పందెం. మేం చేసిన విమర్శ న్యాయమేనా? ఆట మెరుగయ్యాక కూడా అది న్యాయంగానే నిలుస్తుందా? ఒక ఆటగాడు నిజంగా మెరుగయ్యాడని ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

ముందు ఒక పని చేయండి. మీ గ్రూపులో వెతికే డబ్బాలో 'మగ్వైర్' అనీ, 'బీరువా' అనీ కొట్టి, పాత మెసేజ్‌లు ఓ యాభై పైకి తీయండి. అవన్నీ ఒకే రకం కావు. "ఈ మ్యాచ్‌లో ఇదిగో ఈ తప్పు చేశాడు" అన్నవి కొన్ని. "వీడింక పనికిరాడు" అని తీర్పు చెప్పినవి కొన్ని. వేరేవాళ్ళ మీది కోపం ఇతని మీద వెళ్ళగక్కినవి మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి. మిగిలినవి తల మీద, మొహం మీద, ఇంట్లోవాళ్ళ మీద. ఆట మెరుగైనప్పుడు ఈ నాలుగింటికీ ఒకే గతి పట్టదు. మీ బావ అన్నిటినీ ఒకే మూటగా కట్టి తప్పంటున్నాడు. రెండోవాడు అదే మూటను ఒప్పంటున్నాడు. మూట విప్పితే గొడవ సగం తీరుతుంది.

మొదటి రకానికి కాలదోషం పట్టదు. 2021 అక్టోబర్ 16న లెస్టర్‌లో 4-2తో ఓడిన రోజు మగ్వైర్ తమ గోల్ దగ్గరే బంతి పోగొట్టుకున్నాడు, లెస్టర్ ఆటగాడు టీలెమన్స్ గోల్ కొట్టాడు. నెల దాటాక నవంబర్ 20న వాట్‌ఫర్డ్‌లో రెండో పసుపు కార్డు చూసి బయటికెళ్ళాడు. స్కోరు 4-1, మర్నాడే కోచ్ సోల్షార్ ఉద్యోగం పోయింది. 2023 ఏప్రిల్ 20న సెవియ్యాలో ఎనిమిదో నిమిషంలోనే, గోల్‌కీపర్ డి హెయా ఇచ్చిన పాస్‌ను చుట్టూ మనుషులున్నప్పుడు అందుకుని పోగొట్టాడు, అదీ గోలే. ఆ రాత్రుల్లో మీరు రాసిన మాటలు 2025లో అతను ఎన్ని హెడర్లు కొట్టినా అబద్ధాలు కావు. వాటికి క్షమాపణ అక్కర్లేదు, చెరిపేయనూ అక్కర్లేదు. కాకపోతే ఆ మాటను "ఆ రోజు అలా ఆడాడు" అని చెప్పుకోవాలి తప్ప "అతను అలా ఆడతాడు" అని ఇవాళ్టి మాటగా చెప్పకూడదు. సెవియ్యా క్లిప్‌ను లివర్‌పూల్ మ్యాచ్ అయిన గంటకు మళ్ళీ గ్రూపులో పెట్టినవాడు మీలో ఎవరైనా ఉంటే, అతను చేస్తున్నది విమర్శ కాదు, మొండితనం.

ఈ మొదటి రకంలోనూ ఒక మెలిక ఉంది. లెస్టర్ మ్యాచ్‌కి మగ్వైర్ గాయం నుంచి వచ్చీ రాగానే దిగాడు. అప్పటికి ఇంకో డిఫెండర్ వరాన్ కూడా గాయంతో లేడు, కోచ్‌కి వేరే దారి దొరకలేదు. బంతి పోగొట్టుకున్న తప్పు ఆటగాడిదే. నూటికి నూరుపాళ్ళు సిద్ధంగా లేనివాణ్ణి దించిన నిర్ణయం మాత్రం అతనిది కాదు. మీ మెసేజ్‌లలో ఈ రెండో సగం ఎన్నిట్లో ఉందో చూడండి.

రెండో రకం, తీర్పులు. "పనికిరాడు", "వీడు టాప్ లెవెల్ కాదు", "ఎప్పటికీ మారడు". ఆట మెరుగైతే దెబ్బ తినేవి ఇవే. ఇక్కడ మీ బావ పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది, అదీ 2025 గోల్స్‌తో కాదు. 2019-20 లీగ్ సీజన్‌లో 38 మ్యాచ్‌లూ, ఒక్క నిమిషం కూడా బెంచీ మీద కూర్చోకుండా ఆడిన మనిషతను. మరుసటి ఏడాది యునైటెడ్ రెండో స్థానంలో నిలిచింది. 2021 వేసవిలో ఇంగ్లండ్ యూరో ఫైనల్ దాకా వెళ్ళినప్పుడు యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ప్రకటించిన టోర్నీ జట్టులో అతని పేరుంది. ఫైనల్ పెనాల్టీల్లో అతను కొట్టిన బంతి వలలో ఉన్న కెమెరాను పగలగొట్టింది కూడా. 2022-23లో క్లబ్‌కి లీగ్‌లో ఎనిమిది మ్యాచ్‌లే మొదటి నుంచి ఆడాడు, కానీ అదే సీజన్ మధ్యలో ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ ఆడిన అయిదు మ్యాచ్‌లూ మొదలుపెట్టాడు. అంటే 'పనికిరాడు' అన్న తీర్పు, అది వెలువడిన రోజున కూడా, సగం సాక్ష్యాన్ని పక్కన పడేసి చెప్పిందే. తర్వాత ఆట మెరుగై దాన్ని తప్పు చేయలేదు. ముందే ఉన్న తప్పును అందరికీ కనపడేలా చేసింది, అంతే.

మూడో రకం దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడే అసలు సరుకుంది.

2019 ఆగస్టులో యునైటెడ్ అతనికి 8 కోట్ల పౌండ్లు పెట్టింది. అప్పటి మారకంలో దాదాపు 680 కోట్ల రూపాయలు, డిఫెండర్లలో ప్రపంచ రికార్డు. మీ పాత మెసేజ్‌లలో "80 మిలియన్లు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ధర నిర్ణయించింది అతను అంతకుముందు ఆడిన లెస్టర్ క్లబ్, ఒప్పుకున్నది యునైటెడ్ పెద్దలు. ఆటగాడు అందులో సంతకం పెట్టినవాడు మాత్రమే. అత్త మీది కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ధర మీద విమర్శ 2019లో న్యాయమే, ఇప్పటికీ న్యాయమే, కాకపోతే దాని చిరునామా వేరు. అందుకే మగ్వైర్ ఆట మెరుగైనా ఆ కొనుగోలు మంచిదైపోదు, అతని ఆట పాడైనా ఆ కొనుగోలు తప్పు అతనిది కాదు.

కోపం పక్కదారి పట్టిన రెండో చోటు జట్టు ఆడే తీరు. మగ్వైర్ బలాలు, బలహీనతలు దాచిపెట్టేవి కావు. ఎదురుగా గాల్లో వచ్చే బంతి అతనిదే. ముందుకు అడుగేసి అడ్డుకోవడం బాగా చేస్తాడు. బంతి కాళ్ళ దగ్గరుంటే ముందుకు తీసుకెళ్ళగలడు. వెనక్కి తిరిగి పరిగెత్తడమే నెమ్మది, ఒళ్ళు తిప్పడానికే ఒక క్షణం ఎక్కువ తీసుకుంటాడు. నలుగురు డిఫెండర్లతో, డిఫెన్స్ లైను మైదానం మధ్యగీతకు దగ్గరగా నిలబెట్టి ఆడే జట్టులో అతని వెనక నలభై మీటర్ల ఖాళీ ఉంటుంది. ముందున్న మిడ్‌ఫీల్డర్లు అవతలివాడిని ఒత్తిడిలో పెట్టకపోతే, ఆ ఖాళీలోకి బంతి వేయడం పిల్లలాట. 2021-22లో సరిగ్గా అదే జరిగింది. ఆ సీజన్‌లో యునైటెడ్ లీగ్‌లో 57 గోల్స్ ఇచ్చుకుంది, 58 పాయింట్లతో ఆరో స్థానంలో ముగించింది. 57 గోల్స్ ఒక్కడి చేతకానితనంతో రావు. పైకప్పు కారుతుంటే కింద బక్కెట్టును తిట్టినట్టు.

అదే మనిషి పక్కన ఇంకో ఇద్దరు సెంటర్ బ్యాక్‌లను, అంటే మధ్యలో నిలబడే డిఫెండర్లను, పెట్టి చూడండి. 2018 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ ముగ్గురు డిఫెండర్లతో ఆడింది, సెమీస్ దాకా వెళ్ళింది, క్వార్టర్స్‌లో స్వీడన్ మీద మొదటి గోల్ మగ్వైర్ తలతో కొట్టిందే. 2024 చివర్లో రూబెన్ అమోరిమ్ కోచ్‌గా వచ్చి యునైటెడ్‌లోనూ ముగ్గురి పద్ధతి పెట్టాడు. వెనక ఖాళీని ఇద్దరు పంచుకునేవాళ్ళు, ఇతను బంతికి ఎదురెళ్ళే పనిలో ఉండేవాడు. అప్పుడు ఎదిగినట్టు కనిపించిన మగ్వైర్ చాలామటుకు పాత మగ్వైరే, చుట్టూ ఉన్న గది మారింది.

ఇలాంటిదే ఆర్సెనల్‌లో మిడ్‌ఫీల్డర్ గ్రనిత్ జాకా కథ. 2019 అక్టోబర్ 27న క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్‌లో కెప్టెన్‌గా ఉన్నవాణ్ణి బయటికి పిలిస్తే సొంత స్టేడియమే గేలి చేసింది. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఇంకా అరవండి" అన్నట్టు చూపించి, చొక్కా విప్పేసి లోపలికెళ్ళాడు. కొద్ది రోజుల్లో కెప్టెన్సీ పోయింది. తర్వాత కోచ్ ఆర్టెటా 2022-23లో అతన్ని వెనక నుంచి ఎడమ వైపు ముందుకు జరిపాడు. లీగ్‌లో ఏడు గోల్స్ కొట్టాడు, చివరి మ్యాచ్‌లో వుల్వ్స్ మీద రెండు, అదే స్టేడియం అతని పేరు పాడింది. మరుసటి ఏడాది జర్మనీలో లెవర్‌కుసెన్ ఒక్క ఓటమీ లేకుండా లీగ్ గెలిచిన జట్టుకు మధ్యలో గుండెకాయ అతనే. పాతచోట అతని తొందరపాటు ట్యాకిల్స్ మీద విమర్శ నిజమే. ఆ ట్యాకిల్స్ అవసరమయ్యే చోటే అతన్ని నిలబెట్టడం మీద విమర్శ కూడా అంతకంటే ఎక్కువే ఉండాల్సింది.

నాలుగో రకం గురించి ఎక్కువ చెప్పను. 2022 మార్చిలో వెంబ్లీలో ఐవరీ కోస్ట్ మీద స్నేహపూర్వక మ్యాచ్‌కి పేర్లు చదువుతుంటే ఇంగ్లండ్ అభిమానులే అతని పేరు దగ్గర గేలి చేశారు. ఆ జట్టుకి అతనేం చేశాడని? క్లబ్ మీది కసి దేశం చొక్కా మీద తీర్చుకున్నారు. మర్నెలలో అతని ఇంటికి బాంబు బెదిరింపు వచ్చింది, పోలీసులు కుక్కలతో వెళ్ళి వెతికారు. మీ స్టిక్కర్లకీ దానికీ సంబంధం లేదు నిజమే. కానీ తల ఆకారం మీద జోకు, పెళ్ళాం మీద మాట, ఇవి అతను బాగా ఆడినందుకు అన్యాయమైపోలేదు. బాగా ఆడని రోజున కూడా న్యాయం కాదు. వీటిని ఆటతో ముడిపెట్టడమే పొరపాటు, ఎందుకంటే ముడిపెడితే "మళ్ళీ చెడగొడితే మళ్ళీ అనొచ్చు" అని తేలుతుంది.

ఆటతో సంబంధం లేని కోపం ఎలా ఉంటుందో క్రికెట్‌లో మన కళ్ళముందే చూశాం. 2024 ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యాను వాంఖడేలోనే గేలి చేశారు. కారణం అతని బౌలింగ్ కాదు, రోహిత్ కుర్చీలో కూర్చోవడం. జూన్ 29న ప్రపంచకప్ ఫైనల్‌లో ఆఖరి ఓవర్ వేసి గెలిపించాక జులైలో అదే వాంఖడే అతని పేరు జపించింది. ముంబయి కెప్టెన్సీ ప్రశ్నకు ఆ ఓవర్ జవాబెలా అవుతుంది? కాదు. అంటే ముందున్న కోపానికీ తర్వాత వచ్చిన ప్రేమకీ రెంటికీ ఆటతో అంతంతమాత్రమే సంబంధం.

ఇక మీ రెండోవాడి వాదన: "మన తిట్లకే దారిలోకొచ్చాడు." ఇది ప్రతి ఊళ్ళో, ప్రతి ఆటలో వినపడేదే, దాదాపు ఎప్పుడూ తప్పే. మామూలుగా అరవై మార్కులొచ్చే పిల్లవాడికి ఒకసారి ముప్పై వచ్చాయనుకోండి. తండ్రి చితకబాదాడు. తర్వాతి పరీక్షలో యాభై అయిదు. తండ్రి దెబ్బ పనిచేసిందనుకుంటాడు. కొట్టకపోయినా యాభై అయిదుకి దగ్గరగానే వచ్చేవి, ఎందుకంటే ముప్పై అనేది ఆ పిల్లవాడి మామూలు కాదు. మనం అందరికంటే గట్టిగా తిట్టేది ఆటగాడు అందరికంటే హీనంగా ఆడిన రోజుల్లోనే కాబట్టి, ఆ తర్వాత ఎటు చూసినా మెరుగే కనిపిస్తుంది. ఆ మెరుగును తిట్లు తమ ఖాతాలో వేసుకుంటాయి.

విమర్శ ఎప్పుడూ పనిచేయదని కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది ఒట్టికాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో అదే హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ చేతికింద జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానం తెచ్చుకుంది. ఆ విమర్శ పనిచేసింది, ఎందుకంటే అది మార్చగలిగిన వస్తువు మీద, మార్చగలిగినవాళ్ళకు చేరింది. మీ స్టిక్కర్ ఎవరికి చేరింది?

మూడో ప్రశ్న, మెరుగయ్యాడని ఎలా తెలుసుకోవాలి. మీ గ్రూపు ఇక్కడే రెండు వైపులా దెబ్బతింటోంది.

డిఫెండర్ కొట్టిన గోల్స్‌ను ముందు లెక్కలోంచి తీసేయండి. వినడానికి కష్టంగానే ఉంటుంది. 2025 ఏప్రిల్ 17, లియోన్ మ్యాచ్. మనకు తెల్లవారుజామున మూడు దాటింది. మొదటి లెగ్ 2-2. ఇక్కడ యునైటెడ్‌వాళ్ళు 2-0 ఆధిక్యం పోగొట్టి, పదిమందితో ఆడుతున్న లియోన్‌కి అదనపు సమయంలో ఇంకో రెండిచ్చి, 4-2తో వెనకబడ్డారు. బ్రూనో పెనాల్టీ, 120వ నిమిషంలో మైనూ, 121వ నిమిషంలో కసెమీరో వేసిన బంతికి మగ్వైర్ తల. 5-4, రెండు మ్యాచ్‌లూ కలిపి 7-6. ఆ క్షణంలో మీ గ్రూపు ఎలా ఊగిపోయిందో ఊహించగలం. కానీ ఆ గోల్ కొట్టినప్పుడు అతను ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడు. అతని అసలు ఉద్యోగమైన డిఫెన్స్ ఆ రాత్రి సొంత మైదానంలో నాలుగు గోల్స్ ఇచ్చుకుంది. ఆ గోల్ అతని ధైర్యానికీ తలకీ సాక్ష్యం. డిఫెండర్‌గా మెరుగయ్యాడనడానికి కాదు.

దీనికి తిరగేసిన బొమ్మ 2025 జనవరి 5. లివర్‌పూల్ పట్టికలో అగ్రస్థానంలో ఉంది, వాళ్ళ మైదానంలో యునైటెడ్ 2-2తో నిలబడింది. ఆఖరి క్షణాల్లో జిర్క్‌జీ అందించిన బంతిని మగ్వైర్ గోల్ మీదుగా ఆకాశంలోకి కొట్టాడు. అంతకుముందు గంటన్నర డిఫెన్స్‌లో అతను చేసిన మంచి పనిని ఆ ఒక్క తన్ను మింగేసింది. అదే మైదానంలో, అక్టోబర్ 19న, మనకు దీపావళి ముందు రాత్రి, 84వ నిమిషంలో హెడర్ లోపలికెళ్ళింది. 2-1. 2016 జనవరి తర్వాత అక్కడ యునైటెడ్‌కి మొదటి లీగ్ గెలుపు. డిఫెండర్‌గా ఈ రెండు రోజులకీ తేడా అంత లేదు. మీ మెసేజ్‌లలో తేడా మాత్రం ఆకాశానికీ భూమికీ ఉండి ఉంటుంది. లియోన్‌కి ముందు ఫిబ్రవరిలో లెస్టర్ మీద కప్ మ్యాచ్‌లో చివరి నిమిషాల్లో కొట్టిన గెలుపు గోల్ అయితే స్పష్టంగా ఆఫ్‌సైడ్. ఆ రౌండులో వీఏఆర్, అంటే వీడియో చూసి తేల్చే ఏర్పాటు, లేదు కాబట్టి నిలిచింది. దాన్ని 'పునరాగమనం' కింద రాసుకున్నవాళ్ళు ఉన్నారు.

తర్వాత, క్లీన్ షీట్లను, అంటే ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లను, నమ్మేముందు ఎదుటివాణ్ణి చూడండి. 2023 నవంబర్‌లో మగ్వైర్ ప్రీమియర్ లీగ్ నెలవారీ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ నెలలో లీగ్‌లో మూడు మ్యాచ్‌లు, మూడు గెలుపులు, ఒక్క గోల్ ఇవ్వలేదు. గొప్పే. ఆ మూడు జట్లూ ఫుల్‌హమ్, ల్యూటన్, ఎవర్టన్. అదే నెలలో చాంపియన్స్ లీగ్‌లో యునైటెడ్ కోపెన్‌హాగెన్‌లో 4-3తో ఓడింది, గలతసరాయ్‌తో 3-3 చేసుకుంది, చివరికి గ్రూపులో అడుగున మిగిలింది. అవార్డు లీగ్‌ను మాత్రమే చూస్తుంది. రెండూ కలిపి చూస్తే "బాగున్నాడు, జట్టు మాత్రం గాలిబుడగ" అని చెప్పొచ్చు. అవార్డు ఒక్కటే చూపించి సారీ అడగడం, కోపెన్‌హాగెన్ ఒక్కటే చూపించి తిట్టడం రెండూ ఒకటే.

మరి ఏం చూడాలి? కనీసం పది మ్యాచ్‌లు, అంటే దాదాపు 900 నిమిషాలు, వరసగా. "గోల్‌కి దారితీసిన తప్పులు" అనే లెక్క మీద ఎక్కువ ఆధారపడకండి. అవి ఒక డిఫెండర్‌కి ఏడాదిలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. రెండు తప్పులు సున్నాకి తగ్గితే అది ఎదుగుదల కావచ్చు, ఎదుటివాడు గోల్ పక్కకు కొట్టడం కూడా కావచ్చు. పాస్‌ల శాతమూ అంతే, పక్కవాడికిచ్చి తీసుకుంటూ ఉంటే ఎవరికైనా తొంభై దగ్గరికి వస్తుంది. గాల్లో బంతి పోటీల్లో గెలుపు శాతం కాస్త నమ్మదగ్గది, ఎందుకంటే అవి పదుల్లో పోగవుతాయి.

అంకెలకంటే కళ్ళు మేలు, కానీ కళ్ళు బంతి మీద ఉంటే లాభం లేదు. మొదటి పదిహేను నిమిషాలు బంతిని వదిలేసి అతన్నే చూడండి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి, ఎదుటి జట్టు దాడికి వచ్చినప్పుడే అతను కనిపిస్తాడు. ఆ కాసేపటిలో ఇవి గమనించండి. ఒళ్ళు ఎటు తిరిగి ఉంది? ఛాతీ సూటిగా బంతి వైపు ఉంటే వెనక్కి తిరగడానికి ఆలస్యం. పక్కకి, సగం తిరిగి నిలబడి ఉంటే తన నెమ్మదితనాన్ని తనే ముందుగా సర్దుకుంటున్నాడు. ఎదుటి మిడ్‌ఫీల్డర్ ఎవరి ఒత్తిడీ లేకుండా తలెత్తి చూస్తున్నప్పుడు ఇతను రెండడుగులు వెనక్కి వేస్తున్నాడా, నిలబడిపోతున్నాడా? ముందుకు దూకితే బంతి గెలుస్తున్నాడా, కనీసం ఫౌల్ చేసైనా ఆపుతున్నాడా, లేక అటూ ఇటూ కాకుండా మధ్యలో చిక్కుకుంటున్నాడా? 2021-22లో అతన్ని ముంచింది ఈ మూడోదే. సగం దూకి ఆగిపోవడం నమ్మకం పోయినవాడి గుర్తు. అది పోయిందంటే నిజంగా ఏదో మారింది. ఇక బంతి కాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు మొదటి చూపు ముందుకా, గోల్‌కీపర్ వైపా?

గోల్ పడినప్పుడు రీప్లే పది సెకన్లు వెనక్కి తిప్పండి. టీవీలో చూపించేది చివరి రెండు సెకన్లు, అందులో ఎప్పుడూ డిఫెండరే నేల మీద పడి ఉంటాడు. పది సెకన్ల వెనక బంతి ఎవరు పోగొట్టారు, ఎవరు వెంట పరిగెత్తలేదు అన్నది చూస్తే పేరు మారే సందర్భాలు బోలెడు.

ఇంకొక చిన్న కట్టుబాటు పెట్టుకోండి. యూరోపియన్ మ్యాచ్‌లు మనకి ఎక్కువగా అర్ధరాత్రి పన్నెండున్నరకో ఒంటిగంటన్నరకో మొదలవుతాయి, అయిపోయేసరికి నిద్రలేని మెదడు, మర్నాడు ఆఫీసు. మ్యాచ్ అవగానే గ్రూపులో జరిగింది మాత్రమే రాయండి: నిమిషం, తప్పు, ఫలితం. 'అమ్మేయండి', 'దేవుడు' లాంటి తీర్పులు పొద్దున టీ తాగాక. మీ డల్లాస్ మిత్రులకి అది మధ్యాహ్నమే కాబట్టి వాళ్ళకు ఈ వంక దొరకదు, వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

సారీ సంగతి. ఘనా పార్లమెంటులో ఐజాక్ అడాంగో అనే సభ్యుడు 2022లో తమ ఉపాధ్యక్షుడి ఆర్థిక నిర్వహణను మగ్వైర్ ఆటతో పోల్చి ఎద్దేవా చేశాడు. ఏడాది తిరిగేసరికి మగ్వైర్ ఆట మారింది. అడాంగో అదే సభలో లేచి మగ్వైర్‌కి క్షమాపణ చెప్పాడు, ఉపాధ్యక్షుడికి మాత్రం చెప్పలేదు! మగ్వైర్ క్షమాపణ అంగీకరించానని సోషల్ మీడియాలో సరదాగా బదులిచ్చాడు. ఆ సభ్యుడు చేసిన పని చూడండి: అన్న చోటే, అన్నంత గట్టిగా, ఏది తప్పో అదే వెనక్కి తీసుకున్నాడు. మీ గ్రూపు మెసేజ్ మగ్వైర్ చూడడు, అతనికి సారీ చెప్పడం నాటకమే అవుతుంది. బయట, అందరికీ కనిపించేచోట, అతన్నో అతని ఇంటివాళ్ళనో ట్యాగ్ చేసి ఎవరైనా రాసి ఉంటే ఇవాళే చెరిపేయాలి. స్టిక్కర్లూ తీసేయండి. గ్రూపులోని తీర్పుల కింద, రాసినవాడే, "ఇది తప్పని తేలింది" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. మ్యాచ్ విమర్శలు అలాగే ఉంచండి.

మీ బావకి కూడా ఒక మాట. గోల్స్ తర్వాత అతని మీద మాట పడనివ్వకపోవడం కూడా పాత తప్పుకి అన్న వరసే. వచ్చే వారం మగ్వైర్ సగం దూకి మధ్యలో ఆగిపోతే, లియోన్ గోల్ గుర్తుచేసి నోరు మూయించకూడదు. ఆ రోజు ఆ తప్పును, ఆ నిమిషంతో సహా, రాయాల్సిందే. అలా రాసే వీలు ఉన్నప్పుడే అతన్ని మిగతా పదిమందిలా ఆటగాడిగా చూస్తున్నట్టు.

పందెం మాటకొస్తే: "అంతా తప్పే" అన్న మీ బావా ఓడాడు, "మన తిట్లకే మారాడు" అన్నవాడూ ఓడాడు. చెరి సగం పెట్టుకోమనండి. మిగతా తొమ్మిది మందీ, మెసేజ్‌లు యాభై తీసి నాలుగు కుప్పలు వేసి చూపించాకే తినడానికి కూర్చోవాలి.